పేరు లేని సలాం

రంజాన్, దసరా వారం తేడాతో వచ్చిన యేడు అది. గద్వాల పాత బస్టాండు వెనక సందులో మాకొక నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ చెక్కలు, ఆడవాళ్ల కోసం ఒక మూలకు పూల తెర. ముందు గది షాపు. వెనక రెండు గదుల్లో మేము నలుగురం: మా ఆయన షంషుద్దీన్, మా అత్త హాజిరా బీ, నేను, నాలుగేళ్ల అల్ఫియా. షాపుకూ ఇంటికీ మధ్య తలుపు లేదు, ఒక పరదా ఉండేది. అందుకని షాపులోకి వచ్చిన ప్రతి తలనొప్పీ నేరుగా వంటింట్లోకి నడిచి వచ్చేది.

మా ఆయనకు ఒక అలవాటు. ఎవరికైనా కొత్తగా మెయిల్ ఐడి తెరిచి ఇస్తే, షాపు మెయిల్ నుంచి దానికి ముందు తనే ఒక ఉత్తరం పంపేవాడు. "మా అమ్మ ఎవరికీ ఖాళీ గిన్నె చేతికియ్యదు. ఏం లేకుంటే పిడికెడు చక్కెరన్న వేసి ఇస్తది. నేను ఖాళీ డబ్బా ఎట్ల ఇస్త?" అనేవాడు. అట్లా ధరూర్ పత్తి రైతుల నుంచి ఇటిక్యాల పంతుళ్ల దాకా, మూడు వందల మంది అడ్రసులు మా షాపు మెయిల్లో చేరాయి. అందరికీ ఆ పద్ధతి నచ్చింది. నాకూ నచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి.

రంజాన్ నెల మొదలయ్యేసరికి కార్డులు రావడం మొదలైంది. తెరిస్తే నెలవంక మెరుస్తుంది, లాంతరు ఊగుతుంది, పాట వస్తుంది. వాటిని చూడడానికే జనం షాపుకు వచ్చేవాళ్లు. ఒకరి కార్డు చూసి ఇంకొకరికి కావాలి. పగలు కరెంటు పోతే బ్యాటరీ కీచుకీచుమని అరుస్తుంటే, "జర ఆగు భాయ్, చంద్రుడు సగమే వచ్చిండు" అని బతిమాలే పెద్దమనుషులను చూశాను నేను.

పదో రోజా, అంటే పదో ఉపవాసం నాటి మధ్యాహ్నం. పగలు రెండు గంటలు నేను షాపులో కూర్చుంటాను, ఆయన నమాజుకు పోయి వచ్చి కాస్త నడుం వాల్చుతాడు. ఆ రోజు వాల్చలేదు.

"జబీన్, ఇటు రా. మనకు గూడ ఒక కార్డు వచ్చింది" అన్నాడు.

"ఎవరు పంపిండ్రు?"

"మీ ఆప్తులొకరు అని ఉన్నది."

"ఆప్తులకు పేరుండదా?"

"తెరిస్తే తెలుస్తది."

పరదా వెనక నుంచి మా అత్త అందుకుంది. "సలాం చెప్పినోనికి జవాబియ్యాలె బేటా. బర్కత్ దినాలల్ల ముఖం తిప్పుకోవద్దు."

"అమ్మీ, తలుపు కొడితే ఎవరు అని రెండుసార్లు అడిగినంక గడియ తీస్తవ్ నువ్వు. పేరు చెప్పనోనికి సలామేంది?" అన్నాను.

వాళ్లిద్దరూ నన్ను పట్టించుకుంటే ఈ కథే ఉండేది కాదు. ఆయన కార్డు మీద నొక్కాడు. చంద్రుడు రాలేదు. మెయిల్ ఐడి, పాస్‌వర్డు మళ్లీ కొట్టమని ఒక గడి వచ్చింది. రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇందాకనే కొట్టి లోపలికి వచ్చినవ్ గద. మళ్ల ఎందుకు అడుగుతుంది?"

"గట్టి బందోబస్తు అన్నట్టు. తాళం రెండుసార్లు తిప్పుతమా లేదా?"

"తాళం మనం తిప్పుకుంటం. చెవి ఎవ్వని చేతికీ ఇయ్యం."

"తొమ్మిది చదివి నాకు కంప్యూటర్ నేర్పుతున్నవా?"

తను పది తప్పినవాడు. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది. రోజాతో ఉన్నాను కనుక మింగేశాను. తెర తెల్లగా అయిపోయింది. నెట్ స్లో ఉంది అన్నాడు. కార్డు రానే లేదు. అందరం మర్చిపోయాం. నేను మర్చిపోలేదు, కానీ నన్నెవరూ అడగలేదు.

*

వారం తర్వాత మా అత్త పేరు మీద ఒక మెయిల్ వచ్చింది.

అరవై దాటిన మా అత్తకు మెయిల్ ఏంటంటే, హజ్ అర్జీ పెట్టేటప్పుడు ఉంటే మంచిదని ఈయనే తెరిచి పెట్టాడు. ఆమెకు బతుకులో ఒక్కటే కోరిక. మామయ్య ఉన్నప్పుడు ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించి పెట్టాడు, పోదామని. ఆయన అంతకంటే ముందే వేరే దారిన పోయాడు. ఆమె పాస్‌పోర్టు ట్రంకుపెట్టెలో, అత్తరు దూది పెట్టిన మల్లుగుడ్డలో ఉండేది. అర్జీ మూడుసార్లు పెట్టాం. అడిగేవాళ్లు ఎక్కువ, సీట్లు తక్కువ కాబట్టి హజ్‌కు పేర్లు డ్రా తీస్తారు. మూడుసార్లూ రాలేదు. అందుకే, మెయిల్లో "డ్రాలో మీ పేరు వచ్చింది" అని ఉంటే వేరే ఇళ్లల్లో ఏమో కానీ మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మా దగ్గర మంచి కబురు వచ్చే దారే అది.

ఆయన ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివి తెలుగులో చెప్పాడు. బొంబాయిలో ఎవరో పుణ్యాత్ములు ట్రస్టు పెట్టారట. భర్త పోయిన ఆడవాళ్లను ఖర్చు లేకుండా హజ్‌కు పంపుతారట. డ్రా తీస్తే హాజిరా బీ పేరు వచ్చిందట. అసలు పాస్‌పోర్టు, నాలుగు ఫొటోలు, తెల్లకాగితం మీద వేలిముద్ర పది రోజుల్లో కొరియర్ చేయాలట.

మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాట కింద పెట్టింది. "నా పేరే ఉన్నదా?"

"హాజిరా బీ అని సాఫ్‌గ ఉన్నది అమ్మీ. చూడు."

ఆమెకు చదవడం రాదు. అయినా వచ్చి తెర మీద ఆ అక్షరాలను వేలితో తడిమింది. "మళ్ల చదువు" అంది. ఐదుసార్లు చదివించుకుంది. ఆరోసారి అడగబోయి అల్ఫియాను ఒళ్లోకి తీసుకుంది.

"మనం వీళ్లకు అర్జీ పెట్టలే గద. పేరెట్ల పోయింది?"

"అక్కడ డ్రాలో రాని పేర్లు వీళ్లు తీసుకుంటరేమో."

"ఫోన్ నంబరు ఏది?"

"మెయిల్ చేయమన్నరు."

"ఏ గల్లీ, ఏ ఇల్లు? అక్కడి కొరియర్ ఆఫీసు పేరొక్కటే ఉన్నది. తెల్లకాగితం మీద వేలిముద్ర ఎందుకు?"

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. "పైసలడిగిండ్రా? ఒక్క రూపాయన్న అడిగిండ్రా? మోసం చేసేటోడు పైసలడుగుతడు. వీళ్లు అడుగుతలేరు. ఇంకేం పరేషాన్ నీకు?"

పైసలు అడగకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టిందని ఎలా చెప్పాలో తెలియలేదు. పైగా మా అత్త నన్ను చూసిన చూపు వేరు. హజ్‌కు పోయే నలభై రోజులు పిల్లను పట్టుకునే దిక్కు ఉండదని కోడలు అడ్డం పడుతోంది, అని ఆ చూపు. నిజానికి అందులో నాలుగోవంతు నిజం ఉంది. అందుకే ఇంకా మండింది.

*

మాలో హజ్‌కు పోయేవాళ్లు ముందు అందరి దగ్గరకూ పోయి మాఫీ అడుగుతారు. తెలిసి అన్న మాటకు, తెలియక చేసిన తప్పుకు. ఎవరి మనసులోనూ ముల్లు మిగల్చకుండా పోవాలి. కానీ టికెట్టు చేతికి వచ్చాక అడుగుతారు. మా అత్త తెల్లారే మొదలుపెట్టింది.

"అమ్మీ, కాగితాలే పోలే ఇంకా."

"డ్రాల పేరొచ్చింది. ఇగ కాగితాలదేముంది?"

మొదటి ఇల్లు గోడ పక్కది, బాలనాగమ్మది. ఆమె ఆరేసిన వడియాలు మా మేక తిన్నదని మొదలైన కొట్లాట, మేక పోయింది, కొట్లాట నాలుగేళ్లుగా ఉంది. గోడ మీదుగా వింటున్నాను.

"బాలనాగమ్మా, మక్కాకు పోతున్న. నిన్ను నోటికొచ్చినట్టు అన్న. మాఫ్ చెయ్యి."

తర్వాత బాలనాగమ్మ గొంతు. "నేనేం తక్కువన్ననా వదినా. నీ మేకకు రోగం రావాలన్న. వచ్చింది."

ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు. సాయంత్రం ఇఫ్తార్‌కు బాలనాగమ్మ ఇంటి నుంచి గిన్నె నిండా శనగ గుగ్గిళ్లు వచ్చాయి. మా అత్త గిన్నె కడిగి, చక్కెర పోసి వాపసు పంపింది.

తర్వాత ఊర్లు. ఇటిక్యాలలో ఆడబిడ్డ, వనపర్తిలో చిన్నమ్మ కూతురు, నాగర్‌కర్నూల్లో ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద పెళ్లిలో మాట మాట అనుకున్న వియ్యపురాలు. ప్రతి చోటికీ అల్ఫియాను వెంట తీసుకుపోయింది. షేర్ ఆటోలో పన్నెండు మంది మధ్య పిల్ల. వద్దంటే వినదు. నేను నీళ్ల సీసా, బిస్కెట్లు, తువ్వాల సర్ది, సందు మలుపు దాకా పోయి, వాళ్లు తిరిగి వచ్చే దాకా ఒక్క పనీ సరిగా చేయలేకపోయేదాన్ని. పిల్లకు జలుబు పట్టింది. దాంతోపాటు మాఫీ ఆట కూడా పట్టింది. కోడిపెట్ట ముందు కూర్చుని, "నేను మక్కాకు పోతున్న, మాఫ్ చెయ్యి" అనేది. కోడి అటు తిరిగితే ఇటు పోయి మళ్లీ అడిగేది.

ఊరంతా తెలిసిపోయింది. ఎదురైన ప్రతి ఒక్కరూ ముబారక్ అంటున్నారు. ఒకరు జమ్‌జమ్ నీళ్లు, ఇంకొకరు జపానికి తస్బీ మాల తెమ్మన్నారు. మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నేను మాత్రం రోజుకొక వంక చెప్తూ ఆ కవరు ఆపుతున్నాను. ఫొటోలో ఒక చెవి కనబడట్లేదు అన్నాను. వేలిముద్ర చెదిరింది అన్నాను. ఆయనకు అనుమానం వచ్చే లోపు ఇంకో వంక వెతికేదాన్ని. దేనికి ఆపుతున్నానో మాత్రం చెప్పలేను. చేతిలో రుజువు లేదు. తొమ్మిదో తరగతి, ఒక అనుమానం, అంతే.

*

ఇరవై అయిదో రోజా. నేను పొయ్యి ముందు ఉన్నాను. మా అత్త వచ్చి పీట వేసుకుని కూర్చుంది. ఉల్లిగడ్డలు ఇటివ్వు అంది. ఇచ్చాను. ఒకటి కోసింది.

"జబీన్, అందర్ని అడిగిన. నువ్వొక్కదానివి మిగిలినవ్."

"నన్నేమడుగుతవ్ అమ్మీ. ఇంట్ల మనుషులం."

"ఇంట్ల మనుషులకే ఎక్కువుంటది." రెండో ఉల్లిగడ్డ తీసుకుంది. "నీ పది పరీక్షలు యాదికున్నయా?"

గుర్తు ఉండకపోవడమేంటి. మాది తిమ్మాజిపేట. ఫిబ్రవరిలో నిఖా అయింది. మార్చిలో పది రోజులు పంపుతాం, పరీక్షలు రాసి వస్తుంది అని మా అమ్మకు మాట ఇచ్చారు. బయలుదేరాల్సిన రోజు పొద్దున, రాయచూరు చుట్టాలు వస్తున్నారు, కొత్త కోడలు ఇంట్లో లేకపోతే బాగుండదు, నాలుగు రోజులు ఆగమంది మా అత్త. ఆగాను. మొదటి పేపరు పోయింది. రెండోది పోయింది. ఇంకెందుకని నేనే ఊరుకున్నాను. రాయచూరు వాళ్లకేదో అడ్డం వచ్చి రాలేదన్నారు.

"ఆ దినం రాయచూరోళ్లు వచ్చేది లేకుండె" అంది మా అత్త. "నేను ఉత్తగ చెప్పిన."

నేను గరిటె తిప్పుతున్నాను.

"షంషు రెండుసార్లు రాసి తప్పిండు. నువ్వు పాసయితే నా కొడుకు తలెట్ల ఎత్తుకుంటడు అనుకున్న. నాకు గప్పుడు గట్ల అనిపించింది. మాఫ్ చెయ్యి బేటీ."

బాలనాగమ్మ వెంటనే చెప్పింది. నాగర్‌కర్నూల్ వియ్యపురాలు కూడా చెప్పిందట. అడిగినవాళ్లకు మాఫ్ చేశాను అని చెప్పాలి, అది పద్ధతి. చిన్న మాట. నా నోట్లోకి రాలేదు.

"పప్పు అడుగంటుతుంది అమ్మీ. జర జరుగు" అన్నాను.

ఆమె జరిగింది. ఉల్లిగడ్డలన్నీ కోసి, పీట గోడకు ఆనించి, లేచి పోయింది.

*

మరునాడు మధ్యాహ్నం మూడు దాటాక మా ఆయన నా వంకలు ఇక వినలేదు. "పదో దినం ఇయ్యాల్నే" అని కవరు అతికించి, నమాజుకు పోతూ పోతూ కొరియర్ ఆఫీసులో ఇచ్చి పోతానని వెళ్లిపోయాడు. కొరియర్ సంచి నాలుగున్నర బస్సుకు హైదరాబాద్ పోతుంది. నేను షాపులో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. నాలుగు కావస్తోంది.

అప్పుడు వచ్చాడు లింగయ్య, ధరూర్ నుంచి. పత్తి, వేరుశనగ పండించే మనిషి. వెనక బిడ్డ వసంత, డిగ్రీ చదువుతుంది. ఆమె ఫీజు కాగితాల కోసం నిరుడు తండ్రి పేరు మీద మా దగ్గరే మెయిల్ తెరిచారు. వసంత మూడో కంప్యూటర్ ముందు కూర్చుంది. కాసేపటికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"అక్కా, ఒకసారి ఇటు రా. మా నాయిన మక్కాకు పోతడంట."

నేను లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది.

వసంత చదివింది. డియర్ లింగయ్య. ముబారక్. డ్రాలో మీ పేరు వచ్చింది. ఆమె చదవడం ఆపి తండ్రిని చూసింది. "నాయినా, నీ మొగుడు చనిపోయినందుకు వాళ్లు మస్తు బాధపడుతున్నరు."

లింగయ్య తలపాగా తీసి దులుపుకున్నాడు. "నాకు తెల్వకుండ ఎప్పుడు చేసుకున్న బిడ్డా? మీ అమ్మకు చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తది." మళ్లీ ఆలోచించాడు. "ఖర్చంత వాళ్లదేనా? పత్తి ఏరేటాల్లకు వాపసొస్తనా?"

నేను మా అత్త మెయిల్ పక్క కంప్యూటర్‌లో తెరిచాను. వసంత రెండూ చూసింది. పేరు ఒకటే తేడా. బొంబాయి కొరియర్ ఆఫీసు అదే, వేలిముద్ర అదే, చచ్చిపోయిన మొగుడు అదే. ఐడిలో ఏ పేరుంటే ఆ పేరు అతికించి పంపారు. కార్డుల రద్దీలో రెండు వారాలుగా ఎవరూ తెరవని షాపు మెయిల్ తెరవబోయాను. పాస్‌వర్డు తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు అంది. పదో రోజా నాడు మా ఆయన తాళంచెవి ఇచ్చాడు, వాళ్లు లోపలికి వచ్చి తాళం మార్చుకున్నారు. మూడు వందల మంది అడ్రసులు, మా మూడు వందల గిన్నెల చక్కెర, వాళ్ల చేతిలో ఉంది.

"వసంతా, ఆ మెయిల్ ప్రింటు తియ్యి. లింగయ్య మామా, మీ బండి మీద నన్ను కొరియర్ ఆఫీసు దాకా తీస్కపో."

"గిప్పుడా?"

"గిప్పుడే. మా అత్త పాస్‌పోర్టు బస్సెక్కుతుంది."

బుర్ఖా సగం వేసుకుని, అల్ఫియాను చంకన ఎత్తుకుని బండి ఎక్కాను. పిల్లను వదిలి పోవచ్చు, లోపల అత్త ఉంది. ఆ సంగతి సగం దారిలో గుర్తొచ్చింది.

కొరియర్ ఆఫీసులో శ్రీశైలం సంచి మూతి కడుతున్నాడు. సంగతి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "ఇచ్చినోళ్లు వస్తేనే వాపసిస్త అమ్మా. రసీదు ఏది?"

"రసీదు ఆయన జేబుల ఉన్నది. ఆయన నమాజుల ఉన్నడు."

"అయితే రానీ."

"ఆయన వచ్చేసరికి బస్సు పోతది."

"రూలు గట్లున్నది. నేనేం జేస్త?"

లింగయ్య ముందుకు వచ్చి ప్రింటు బల్ల మీద పరిచాడు. "రూలు మంచిదే సారు. ఇది జర చదువు. నా పేరు లింగయ్య. నాకు గూడ పిలుపొచ్చింది. నా మొగుడు పోయిండని రాసిండ్రు."

శ్రీశైలం చదివాడు. లింగయ్య మీసాలు చూశాడు. మళ్లీ చదివాడు. నవ్వలేదు. సంచి మూతి విప్పి, లోపల చేయి పెట్టి, కవరు తీసి నా చేతికి ఇవ్వకుండా తన సొరుగులో పెట్టాడు. "ఇయ్యాల బస్సుకు అందలే అనుకుంట. మీ ఆయనను రసీదు పట్టుకొని రమ్మను."

అల్ఫియా నా చంకలోంచి అతని వైపు వంగింది. "మాఫ్ చెయ్యి" అంది.

*

మా ఆయన రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. ఇఫ్తార్ సైరన్ మోగినా ఖర్జూరం చేతిలోనే ఉంది. నేను చెప్పలేదా అనే మాట నాకు దొరికిన రోజు అదొక్కటే. అనలేదు. ఆయన ముఖం చూస్తే అనబుద్ధి కాలేదు. దాంతో ఆ కోపం కూడా ఖర్చు కాకుండా మిగిలిపోయింది.

కాసేపటికి ఆయనే అన్నాడు. "అమ్మకు నువ్వు చెప్పు."

"నేనా? మెయిల్ చదివింది ఎవరు?"

"నాతోని కాదు జబీన్."

అన్నీ చదవడం ఆయన వంతు, విప్పి చెప్పడం నా వంతు. లోపలికి పోయాను. మా అత్త పండుగ సేమ్యాకు బాదాములు నానబెడుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లింగయ్య సంగతి కూడా. ఆమె వింటూ ఒక్కొక్క బాదాము పొట్టు తీసింది. గిన్నె సగం అయ్యాక అడిగింది.

"అయితే డ్రా తీయలే వాళ్లు."

"తీయలే అమ్మీ."

"నా పేరు ఎవ్వరు పిలవలే."

ఆమె పక్కన కూర్చుని నేనూ పొట్టు తీశాను.

"ఊరంత తిరిగిన" అంది. "వాళ్ల ముఖమెట్ల చూడాలె? ఇగ పోతలేను, నా మాఫీ నాకు వాపసియ్యిండ్రి అని అడగాల్నా?"

"అది వాపసు తీస్కునేది కాదు అమ్మీ."

"తెలుసు" అంది. పాస్‌పోర్టు మర్నాడు వచ్చింది. కొత్త అత్తరు దూది పెట్టి మళ్లీ ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

పండుగ నాడు ఎవరికీ కనబడకుండా వంటింట్లోనే ఉంటుందనుకున్నాను. బాలనాగమ్మే వచ్చింది. గుమ్మం అవతల నిలబడి, "వదినా, మక్కా లేదంట గద. మరి మన కొట్లాట మళ్ల మొదలుపెట్టాల్నా?" అంది. మా అత్త సేమ్యా గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది.

*

పండుగ తెల్లారి నుంచి దసరా దాకా వారం రోజులు మా ఆయన నోటుబుక్కు ముందేసుకుని, ఫోన్ నంబరున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాడు. షాపు పేరు మీద వచ్చేవి తెరవకండి, కాగితాలు పంపకండి, పాస్‌వర్డు మార్చుకోండి. మా దగ్గర మెయిల్ తెరిచిన మాసయ్య అనే ఆయన అప్పటికే ఫొటోలు తీయించుకున్నాడట, తీర్థయాత్ర ఏదైతేనేం అని. షాపుకు కొత్త మెయిల్ తెరిచాం. పాస్‌వర్డు నేను పెట్టాను.

"ఏం పెట్టినవ్?" అన్నాడు.

"చెప్ప."

"నా షాపు గద."

"ఎవరన్న ఆప్తులు అడిగితే ఇస్తవ్. చెప్ప."

దసరా కార్డులు మొదలయ్యాయి. జమ్మి చెట్టు ఊగేవి, పాలపిట్ట ఎగిరేవి. అట్ట ముక్క మీద నేనే రాసి గోడకు అతికించాను: పంపినవారి పేరు లేని కార్డు తెరవవద్దు. పాస్‌వర్డు మళ్లీ అడిగితే కొట్టవద్దు. సందేహం ఉంటే షాపులో అడగండి. ఎవరూ చదవలేదు. అట్ట కిందే నిలబడి, "అక్కా, ఎవరో కార్డు పంపిండ్రు, పేరు లేదు, ఒత్తమంటవా?" అని అడిగేవాళ్లు. రోజుకు ఇరవైసార్లు. నా గొంతు పోయింది.

అప్పుడు మా అత్త బయటికి వచ్చింది. పరదా పక్కన పీట వేసుకుని, అల్ఫియాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చదవడం రాదు కానీ మనిషి చేయి ఎప్పుడు తొందరపడుతుందో ఆమెకు తెలుస్తుంది.

"ఆగు బిడ్డా. ఎవరు పంపిండ్రు?"

"తెల్వదు అవ్వా. తెరిస్తే తెలుస్తది."

"నేను గూడ గట్లనే అన్న. మక్కా దాకా పోయొచ్చిన. మా కోడల్ని అడుగు."

అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. "మా కోడలు తొమ్మిది చదివింది. పది రాసేది ఉండె. నేను అబద్ధం చెప్పి ఆపిన. లేకుంటే ఇంక మస్తు తెలిసేది" అనేది. వచ్చిన ప్రతి ఒక్కరికీ. ఎరువుల షాపు వాళ్లకు, కాలేజీ పిల్లలకు, నీళ్ల డబ్బా తెచ్చిన మనిషికి. వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నేను కీబోర్డు తుడిచేదాన్ని. మా ఆయన చెవులు ఎర్రబడేవి.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు పండుగకు ముందటి రద్దీ. నాలుగు కంప్యూటర్లూ నిండి ఉన్నాయి, బ్యాటరీ అరుస్తోంది, అల్ఫియా ముక్కు కారుతోంది. ఎవరో ముసలాయన రెండు రూపాయల జిరాక్స్‌కు వస్తే, ఆయనకు కూడా మొదలుపెట్టింది.

"మాఫ్ చేసిన అమ్మీ" అన్నాను. "అందరి ముందర చెప్తున్న, మాఫ్ చేసిన. ఇగ ఊకో."

షాపులో అందరూ వెనక్కి తిరిగారు. మా అత్త నన్ను చూసింది. ముసలాయన తన జిరాక్స్ తీసుకుని మెల్లగా బయటికి పోయాడు. ఆమె కొంగుతో పిల్ల ముక్కు తుడిచి, పీట కొద్దిగా ముందుకు జరుపుకుంది.

పది నిమిషాలు నిజంగానే ఊరుకుంది. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది, పాలపిట్ట కార్డు మీద చేయి పెట్టబోయింది.

"ఆగు బిడ్డా. పంపినోళ్ల పేరున్నదా? లేదా? అయితే మా కోడల్ని అడుగు. తొమ్మిది చదివింది." ఒక్క క్షణం ఆగింది. నేను పళ్లు బిగబట్టాను. "మార్చిల పది రాస్తది" అంది.

ఎవరు చెప్పారో ఆమెకు. నేనైతే చెప్పలేదు.